ఒక్క బోల్టే కదా అని వదిలేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వాహనాల గురించి వచ్చే వ్యాసాలు నేను వదలకుండా చదువుతాను. టైర్లలో గాలి ఎంత ఉండాలి, ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి, బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది, మైలేజీ ఎలా పెంచుకోవాలి, ఇవన్నీ రాస్తున్నారు. మంచిదే. కానీ ఆ చక్రాన్ని బండికి పట్టి ఉంచే బోల్టుల గురించి ఇంతవరకు ఒక్క ముక్క కూడా నా కంటపడలేదు. టైరు ఎంత మంచిదైనా, బ్రేకులు ఎంత కొత్తవైనా, చక్రం బండిని అంటిపెట్టుకుని ఉంటేనే కదా వాటి ఉపయోగం. నేను పని చేసినంత కాలం చక్రాలు, బ్రేకులు, బేరింగుల దగ్గరే చేశాను. ఇప్పుడు పని మానేసినా ఇంట్లోవాళ్ల బళ్లు, స్నేహితుల బళ్లు చూస్తూనే ఉంటాను. చూసినప్పుడల్లా మనసుకు కష్టం కలిగించేది ఒకటే. అరిగిపోయిన బోల్టును, మర (బోల్టు మీది చుట్లు) దెబ్బతిన్న బోల్టును కళ్లతో చూసి కూడా మళ్లీ అదే బిగించి పంపించేస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా పూర్తిగా వేయాలని నా కోరిక.

మా తమ్ముడి కారు సంగతి చెబుతాను. కొత్త టైర్లు వేయించుకుని వచ్చాక ముందు కుడి చక్రం దగ్గర ఏదో టక్కుటక్కుమంటోందని, నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు బాగా వినబడుతోందని అన్నాడు. చక్రం విప్పాను. అది ఐదు బోల్టుల బండి. కొన్ని బళ్లకుండే స్టడ్లూ (హబ్‌కే బిగించి ఉండే మర కడ్డీలు) నట్లూ దీనికి ఉండవు, బోల్టులే నేరుగా హబ్‌లోకి, అంటే చక్రాన్ని బిగించే నడిమి భాగంలోకి వెళ్తాయి. నాలుగు బోల్టులు పట్టు వదిలాక చేత్తో తిప్పితేనే బయటికి వచ్చేశాయి. ఐదోది మాత్రం చివరి చుట్టు దాకా పానాతోనే, కిర్రుమంటూ వచ్చింది. చేతిలోకి తీసుకుని చూస్తే కొసన నాలుగైదు చుట్లు చదునైపోయి ఉన్నాయి, మరల సందుల్లో మెరుస్తూ సన్నటి ఇనుప రజను. వంకరగా పెట్టి గన్నుతో, అంటే బోల్టులు తిప్పే యంత్రంతో ఎక్కించేశారనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. తల కింది భాగం కూడా చూశాను. మిగతా నాలుగింటికి చక్రం ఒరుసుకున్న మెరుపు చుట్టూతా సమంగా ఉంది. దీనికి ఒక పక్కనే ఉంది. అంటే ఆ బోల్టు చక్రాన్ని సరిగ్గా నొక్కనే లేదు, లోపల మరల దగ్గరే ఇరుక్కుపోయింది. బయటినుంచి పానా వేసి చూసినవాళ్లకు మాత్రం అది కదలదు, బ్రహ్మాండంగా బిగిసినట్టే ఉంటుంది. ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదం ఇక్కడే ఉంది. బిగుతు ఉంది, కానీ ఉండాల్సిన చోట లేదు.

టైర్లు వేసిన చోటికి తమ్ముడితో కలిసి వెళ్లాను. గొడవకు వెళ్లలేదు, చూపించడానికి వెళ్లాను. పని చేసిన కుర్రాడు చురుకైనవాడు, మర్యాదగా మాట్లాడాడు. "అంకుల్, అది కొంచెం టైటుగా ఎక్కింది, ఏం కాదు. మిగతా నాలుగూ గట్టిగానే ఉన్నాయి కదా, ఒక్క బోల్టేగా" అన్నాడు. "వంకరగా ఎక్కుతోందని తెలిసినప్పుడు వెనక్కి తీసి చేత్తో మొదలుపెట్టాల్సింది బాబూ" అంటే, "గన్ను పెడితే దానంతటదే సర్దుకుంటుంది అంకుల్, అందరం అలాగే చేస్తాం" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. పని నేర్పినవాళ్లు ఆ మాట చెప్పి ఉండరు, వాళ్లకు నేర్పినవాళ్లూ చెప్పి ఉండరు. "ఒక్క బోల్టేగా" అన్న మాట నేను బండి నడిపేవాళ్ల నోట విన్నాను, బండి బాగుచేసేవాళ్ల నోటా విన్నాను. అది ఎందుకు తప్పో చెప్పాలంటే బోల్టు అసలు ఏం పని చేస్తుందో చెప్పాలి.

చక్రం బోల్టుల మీద వేలాడుతుందని, బండి బరువంతా వాటి మీదే పడుతుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. బోల్టును బిగించినప్పుడు అది వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన ఉక్కు మళ్లీ దగ్గరికి రావాలని చూస్తుంది. ఆ లాగుడే చక్రాన్ని హబ్‌కేసి అదిమిపెడుతుంది. జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండు సాగి ఉన్నంతసేపే జుట్టును పట్టి ఉంచుతుంది కదా, అలాగన్నమాట. 14 మిల్లీమీటర్ల బోల్టును 120 న్యూటన్ మీటర్లకు (తిప్పే బలాన్ని కొలిచే లెక్క ఇది) బిగిస్తే అది ఒక్కటే దాదాపు 4 టన్నుల బలంతో అదుముతుంది. ఐదూ కలిస్తే 20 టన్నులు. ఆ ఒత్తిడి వల్ల చక్రానికీ హబ్‌కూ మధ్య పుట్టే రాపిడే బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు, గుంతలో పడినప్పుడు వచ్చే తోపుడునంతా తట్టుకుంటుంది. అదుముడు సరిగ్గా ఉన్నంతకాలం బోల్టు మీద పక్క నుంచి దెబ్బ పడదు.

అదుముడు తగ్గితే కథ మారిపోతుంది. చక్రం హబ్ మీద కంటికి కనబడనంతగా అటూ ఇటూ జరగడం మొదలుపెడుతుంది. ఇలా అడ్డంగా జరిగే కదలికే బోల్టులను వదులు చేస్తుందని గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో ప్రయోగం చేసి చూపించాడు. బోల్టు పొడుగునా పడే ఊపు కంటే పక్కకు పడే ఊపు చాలా తొందరగా వదులు చేస్తుంది. ఊపుకు బోల్టులు ఎంత తొందరగా వదులవుతాయో ఆయన పేరుతో పిలిచే పరీక్షతోనే ఇప్పటికీ చూస్తున్నారు. ఒకటి వదులైతే దాని వాటా భారం పక్కవాటి మీద పడుతుంది, అవీ కొంచెం కొంచెంగా వదులవుతాయి. లేదంటే చక్రం తిరిగినప్పుడల్లా బోల్టు అటోసారి ఇటోసారి వంగి వంగి దానికి పగులు పుడుతుంది. విరిగిన బోల్టు దొరికితే పారేయకుండా విరిగిన ముఖాన్ని వెలుతురులో చూడండి. కొంత భాగం నున్నగా, ఒకదాని తర్వాత ఒకటి సన్నటి గీతలతో ఉంటుంది. మిగతా భాగం బూడిదరంగులో గరుకుగా, పలుకులు పలుకులుగా ఉంటుంది. ఆ నున్నటి భాగమంతా ఎన్నాళ్లుగానో మెల్లగా పగులుతూ వచ్చింది. గరుకు భాగం ఆఖరున ఒక్కసారిగా తెగింది. నున్నటి భాగం పెద్దగా ఉన్న బోల్టు చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఇది తెగే లోపల ఎన్నిసార్లు పానా పట్టుకున్న చేతులు దీన్ని తాకి ఉంటాయో, ఒక్కరైనా తీసి చూసి ఉంటే బాగుండేది కదా అనిపిస్తుంది.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. పానా మీద మనం పెట్టే బలంలో దాదాపు సగం బోల్టు తల కింది రాపిడికే ఖర్చవుతుంది. ఇంకో 40 శాతం మరల మధ్య రాపిడికి పోతుంది. బోల్టును సాగదీసే అసలు పనికి మిగిలేది 10 శాతం మాత్రమే. ఇది మర శుభ్రంగా ఉన్నప్పటి మాట. తుప్పు పట్టిన మర, నలిగిన మర, గీరుకుపోయిన తల ఉంటే ఆ 10 శాతంలో కూడా కోత పడుతుంది. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో చెప్పే పానా) పెట్టి చూసినా టక్కుమంటుంది, అంకె సరిపోతుంది, అదుముడు మాత్రం రాదు. చెడిపోయిన బోల్టును ఎంత జాగ్రత్తగా బిగించినా లాభం లేదని నేను అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. దానికి మందు మార్చడం ఒక్కటే.

ఎప్పుడు మార్చాలో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. చక్రం ఎలాగూ విప్పారు కాబట్టి బోల్టులను వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, ఒక్కొక్కటీ వేళ్ల మధ్య తిప్పుతూ చూడాలి. మర కొసలు కత్తి అంచులా పదునెక్కినా, చదునైనా, ఎక్కడైనా చుట్టు తెగినా అది పనికిరాదు. ఆరు పలకల తల గుండ్రబడి పానా జారుతుంటే అది కూడా పనికిరాదు, దారిలో పంక్చరైన రోజున అది మిమ్మల్ని రోడ్డు మీద నిలబెట్టేస్తుంది. పైపైన తుప్పు మరక ఉంటే ఫర్వాలేదు, బ్రష్‌తో పోతుంది. గుంటలు పడేంత తుప్పు ఉంటే మాత్రం పారేయాల్సిందే. తల కింద చక్రానికి ఆనే చోట గీరుకుపోయినా, లోహం లేచినా అదీ అంతే.

సాగిపోయిన బోల్టును పట్టుకోవడం మాత్రం ఒట్టి చూపుకు సాధ్యం కాదు. దానికి మా పనివాళ్ల పద్ధతి ఒకటి ఉంది. కొత్త బోల్టు ఒకటి తెచ్చి, పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, దీని మర దాని మరలో కూర్చునేలా జత చేయాలి. రెండూ కలిపి కిటికీ వైపు ఎత్తి పట్టుకోవాలి. బాగున్న బోల్టయితే ఆ కొస నుంచి ఈ కొస దాకా పళ్లు పళ్లలో కూర్చుంటాయి, సందులోంచి వెలుతురు రాదు. సాగిన బోల్టయితే మొదట్లో కుదిరి, పోనుపోను పళ్లు ఒకదానికొకటి ఎడమవుతాయి, మధ్యలో సన్నటి వెలుగు గీత కనబడుతుంది. ఆ గీత కనబడిందంటే ఆ ఉక్కు మళ్లీ వెనక్కి రాలేనంతగా సాగిపోయిందన్నమాట. ఇక దానికి పట్టి ఉంచే శక్తి ఉండదు. మా తమ్ముడికి ఇది చూపించినప్పుడు వాడు చాలాసేపు ఆ బోల్టులను అలా తిప్పి తిప్పి చూశాడు. ముందు చెప్పిన నాలుగు మంచి బోల్టుల్లోనూ ఒకదానికి ఆ వెలుగు గీత ఉంది. చూడ్డానికి అది కొత్తదానిలాగే ఉంది. అందుకే ఒక బోల్టు విరిగిందన్నా, బాగా దెబ్బతిన్నదన్నా, దాని పక్కనున్న రెండింటినీ కూడా మార్చాలని, రెండు గాని అంతకంటే ఎక్కువ గాని విరిగితే ఆ చక్రానికి ఉన్నవన్నీ మార్చాలని భారీ వాహనాల మరమ్మతుల్లో ఒక నియమం ఉంది. కారుకు కూడా దాన్నే పాటించాలని నా అభిప్రాయం. మేము ఐదూ మార్చేశాం.

ఇక కొత్తది ఎలాంటిది తేవాలి అన్నదగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పాత బోల్టు లావు చూసి, "ఇలాంటిదే ఇవ్వండి" అని తెచ్చేస్తారు. లావు ఒక్కటీ కలిస్తే చాలదు. మర ఎంత దగ్గరగా ఉందో చూడాలి. టయోటా, హోండా, హ్యుందాయ్ కార్లకు ఎక్కువగా 12 మిల్లీమీటర్ల స్టడ్డు, చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.5 మిల్లీమీటర్లు. సుజుకీ, నిస్సాన్‌లకు అదే 12 మిల్లీమీటర్ల లావు, కానీ మధ్య దూరం 1.25. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఒకదాని నట్టు ఇంకోదాని మీద రెండు చుట్లు ఎక్కుతుంది కూడా. ఆ తర్వాత పట్టేస్తుంది. అక్కడ ఆగి వెనక్కి తీస్తే నష్టం లేదు, పానా మీద బలం పెడితే రెండూ పాడవుతాయి. ఫోక్స్‌వ్యాగన్ కార్లు చాలావాటికి 14 మిల్లీమీటర్లు, 1.5 మర. బీఎండబ్ల్యూలో పాత మోడళ్లకు 12, 1.5 అయితే కొత్తవాటికి 14, 1.25. ఒకే కంపెనీ అయినంత మాత్రాన ఒకటే బోల్టు అనుకోవడానికి లేదు.

తల కింది ఆకారం అంతకంటే ముఖ్యం. కొన్నింటికి వాలుగా కోన్ ఆకారం ఉంటుంది, ఎక్కువగా 60 డిగ్రీలది. కొన్నింటికి బంతిలా గుండ్రంగా ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చిన ఫోక్స్‌వ్యాగన్, మెర్సిడెస్ బోల్టులు, హోండా నట్లు ఈ గుండ్రటి రకమే. టయోటా అల్లాయ్ చక్రాలకు చాలావాటికి కింద వాషరుతో చదునుగా ఉండే నట్టు వస్తుంది. గుండ్రటి గుంట ఉన్న చక్రంలో కోన్ బోల్టు వేస్తే అది చుట్టూతా ఆనదు, సన్నటి అంచు మీద మాత్రమే ఆనుతుంది. మొదటి రోజు గట్టిగానే ఉంటుంది. నడిచేకొద్దీ ఆ అంచు దగ్గర అల్యూమినియం నలిగి, బోల్టు తాను తిరక్కపోయినా వదులైపోతుంది. కొత్తగా అల్లాయ్ చక్రాలు వేయించుకున్నవాళ్లు ఈ ఒక్క విషయం తప్పకుండా అడిగి తెలుసుకోవాలి. ఆ చక్రానికి పాత బోల్టు పనికొస్తుందా లేదా అని అమ్మినవాళ్లే చెప్పాలి. డిక్కీలో ఉన్న స్టెప్నీ ఇనుప చక్రమైతే దానికి విడిగా వేరే బోల్టులు కావలసిన బళ్లు కూడా ఉన్నాయి. ఆ సంగతి పంక్చరైన రాత్రి తెలిస్తే ఎంత టెన్షనో ఊహించుకోండి.

పొడుగు కూడా లెక్కే. బోల్టు కనీసం తన లావంత లోతు హబ్ మరలోకి దిగాలి. 12 మిల్లీమీటర్ల బోల్టుకు 1.5 మర అయితే 8 చుట్లు. పొట్టి బోల్టు రెండు మూడు చుట్ల మీదే భారమంతా వేస్తుంది. అలాగని పొడుగుది వేసినా ముప్పే. హబ్ వెనక నుంచి పొడుచుకొచ్చి కొన్ని బళ్లలో హ్యాండ్ బ్రేకు భాగాలకు గాని, బ్రేకుల ఏబీఎస్ సెన్సరుకు గాని తగులుతుంది. బోల్టు తల మీద 10.9 అని అంకె ఉందో లేదో చూడండి. అది ఉక్కు బలాన్ని చెప్పే గుర్తు. మొదటి అంకె చదరపు మిల్లీమీటరుకు 1000 న్యూటన్ల దాకా తెగదని, రెండోది అందులో 90 శాతం దాకా శాశ్వతంగా సాగదని చెబుతుంది. ఇంట్లో ఏదో డబ్బాలో దొరికిన 8.8 బోల్టు లావూ మరా కలిసింది కదా అని చక్రానికి వేయకూడదు. ఏ గుర్తూ లేనిదాన్ని అసలు ముట్టుకోకూడదు.

మార్చే పని బోల్టుల బండికి తేలిక. పాతది తీయడం, కొత్తది పెట్టడం. అయితే హబ్ లోపలి మర సంగతి ముందు తేల్చుకోవాలి. మా తమ్ముడి కారుకు అదే చేశాం. హబ్ రంధ్రంలోకి సరైన కొలత ట్యాప్‌ను (లోపలి మరను సరిచేసే పనిముట్టు) చేత్తో, నిటారుగా, అర చుట్టు ముందుకీ పావు చుట్టు వెనక్కీ తిప్పుతూ నడిపాను. లోపల ఇరుక్కున్న రజనంతా రాలింది. తర్వాత కొత్త బోల్టును వేళ్లతో తిప్పితే ఆఖరు దాకా వెళ్లింది, ఎక్కడా ఊగలేదు. మర ఇంకా దిట్టంగానే ఉందన్నమాట. బోల్టు ఎక్కాక పక్కలకు ఊగినా, ట్యాపు నడిపాక మర చుట్లు ఊడి వచ్చినా హబ్ మార్చాల్సిందే. లోపల అంటుపెట్టి, టేపు చుట్టి, కొంచెం లావు బోల్టు కొట్టి సరిపెట్టే పనులు నేను చూశాను. ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

స్టడ్ల బండికి పని కాస్త ఎక్కువ. చక్రం, బ్రేకు డిస్క్ లేదా డ్రమ్ము తీయాలి. స్టడ్డుకు తల దగ్గర సన్నటి నిలువు గట్లు ఉంటాయి. అవి హబ్‌లో కొరుక్కుని కూర్చుంటాయి, అందుకే నట్టు తిప్పినప్పుడు స్టడ్డు తిరగదు. పాతది తీయడానికి చాలామంది సుత్తి ఎత్తుతారు. ఆ దెబ్బలు నేరుగా బేరింగ్ మీద పడతాయి. బేరింగ్ లోపలి గోళీలు వాటి దారిలో చిన్న చిన్న సొట్టలు పెడతాయి, స్టడ్డు బాగుపడి కొన్నాళ్లకు చక్రం ఊళ పెట్టడం మొదలవుతుంది. ప్రెస్సుతో గాని, స్టడ్డును నెట్టడానికే చేసిన పరికరంతో గాని తీయాలి. కొత్తదాన్ని వెనక నుంచి దూర్చి, హబ్‌లో పాతవి చేసిన గాడుల్లో కొత్త గట్లు కూర్చునేలా సరిచూసి, ముందువైపు నాలుగైదు వాషర్లు వేసి, పాత నట్టు ఒకటి తిరగేసి పెట్టి మెల్లగా బిగిస్తే స్టడ్డు తనంతట తాను లోపలికి వస్తుంది. ఆ నట్టు తర్వాత పారేయాలి, అది చక్రానికి వాడటానికి వీల్లేదు. తల హబ్ వెనక పూర్తిగా ఆనిందో లేదో వేలితో తడిమి చూడాలి. వెంట్రుకంత సందు మిగిలినా బండి నడిచేకొద్దీ స్టడ్డు ఇంకా లోపలికి జరుగుతుంది, ముందున్న నట్టు వదులవుతుంది. తడిమి చూడకుండా చక్రం ఎక్కించడం నాకు నచ్చని పని.

బిగించే ముందు హబ్ ముఖం, చక్రం వెనక భాగం తుప్పు లేకుండా బ్రష్ కొట్టాలి. రెండింటి మధ్య తుప్పు పొరో, మందంగా వేసిన పెయింటో ఉంటే అది నడకలో నలిగి పోతుంది, అంత మేరా బోల్టు వదులవుతుంది. మరకు నూనె, గ్రీజు రాయాలా వద్దా అని నన్ను చాలామంది అడుగుతారు. కంపెనీ పుస్తకంలో రాయమని ఉంటే తప్ప వద్దు. బిగింపు అంకెలు సాధారణంగా పొడి మరకు ఇచ్చినవి. నూనె రాసి అదే అంకెకు బిగిస్తే రాపిడి తగ్గి బోల్టు మీద లాగుడు పావు వంతో, మూడో వంతో పెరిగిపోవచ్చు. తుప్పు పట్టకూడదన్న మంచి ఉద్దేశంతోనే బోల్టును సాగదీసేసినట్టవుతుంది.

మొదటి చుట్లు ఎప్పుడూ చేత్తోనే. కనీసం నాలుగైదు చుట్లు వేళ్లతో తిరగాలి, తిరగకపోతే ఏదో తేడా ఉందని అర్థం. ఆ తర్వాత ఎదురెదురుగా ఉన్నవాటిని, ఐదు బోల్టులైతే ఒకటి విడిచి ఒకటిగా, రెండు మూడు విడతల్లో బిగించుకుంటూ రావాలి. చక్రం నేలకు ఆనాక ఆఖరి బిగింపు టార్క్ రెంచ్‌తో. ఎంత అనేది మీ బండి పుస్తకంలో ఉంటుంది. టయోటా కార్లు చాలావాటికి 103, హోండాకు 108, ఫోక్స్‌వ్యాగన్‌కు 120 న్యూటన్ మీటర్లు. కొన్ని చిన్న కార్లకు 85 మాత్రమే. 120 అంటే ఎంతో తెలియాలంటే, 40 సెంటీమీటర్ల పానా కొస మీద 30 కిలోల బరువు పెట్టినంత. 70 కిలోల మనిషి అదే పానా కొస ఎక్కి నిలబడితే దాదాపు 275 అవుతుంది. పెద్ద గన్నులు 500 కూడా దాటిస్తాయి. గట్టిగా ఉంటే మంచిదేగా అంటారు. బోల్టు సాగిపోవడానికి, డిస్క్ వంకర పోయి బ్రేకు వేసినప్పుడు స్టీరింగు వణకడానికి, ఆడవాళ్లైనా మగవాళ్లైనా రోడ్డు పక్కన ఆ బోల్టు విప్పలేక చేతులెత్తేయడానికి ఆ గట్టితనమే కారణం. గన్నును విప్పడానికి వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు.

కొత్త బోల్టులు వేశాక 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు మళ్లీ ఒకసారి టార్క్ రెంచ్ పెట్టి చూడాలి. కొత్త ఉపరితలాలు ఒకదానిలో ఒకటి సర్దుకుంటాయి కాబట్టి కొంచెం సడలడం సహజం. అలా చూసినప్పుడు ఒకే బోల్టు పదే పదే వదులవుతూ కనబడితే దాన్ని ఊరికే బిగిస్తూ పోవడం కాకుండా చక్రం విప్పి కారణం వెతకాలి.

సంపాదకులు గారూ, మీ ద్వారా టైర్ల పని చేసేవాళ్లకు నాదొక విన్నపం. బోల్టు చెడిపోయిందని కనబడితే దాన్ని యజమాని చేతిలో పెట్టి చూపించండి. "ఇది మార్చాలండీ" అని ఒక్క మాట చెప్పండి, బిల్లు మీద రాసివ్వండి. మార్చుకోవడం, మార్చుకోకపోవడం వాళ్ల ఇష్టం కావచ్చు, తెలియకుండా మాత్రం పంపకండి. బండి యజమానులు కూడా చక్రం ఎక్కించేటప్పుడు ఫోను చూసుకుంటూ పక్కన కూర్చోకుండా రెండు నిమిషాలు దగ్గర నిలబడండి. మొదట చేత్తో తిప్పారా, ఆఖరున టార్క్ రెంచ్ పెట్టారా, ఆ రెండూ చూస్తే చాలు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. మా తమ్ముడి టైర్లు వేసిన కుర్రాడికి ఆ రెండు బోల్టులను జత చేసి వెలుతురులో చూపించాను. చాలాసేపు చూసి, "అంకుల్, ఇది నా దగ్గర ఉంచుకోవచ్చా, మావాళ్లకు చూపిస్తా" అని అడిగాడు. ఇచ్చేసి వచ్చాను.

చివరిగా మీకూ ఒక విన్నపం. ఈ విషయం మీద మీ వాహనాల పేజీలో ఒక వ్యాసం వేయండి. బొమ్మలతో వేయండి. కోన్ తల, గుండ్రటి తల, చదును తల పక్కపక్కన ఒక బొమ్మ, మంచి మర, సాగిన మర జత చేసినది ఇంకో బొమ్మ. మాటల్లో నేను ఎంత చెప్పినా కంటితో చూసినంత తేలిగ్గా అర్థం కాదు. ఫొటోలు తీసుకోవడానికి కావలసిన పాత బోల్టులు అన్ని రకాలవీ నా దగ్గర ఉన్నాయి, విరిగినవి కూడా దాచిపెట్టాను. మీరు కబురు చేస్తే శుభ్రం చేసి, దేనికది చీటీ కట్టి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత వాహన మెకానిక్